ఐతారం అని రాసిండ్రు, టైం రాయలే

ఈసారి, ఆలుమగలు ఏరుపడ్డంక పిల్లలను చూసే ముచ్చట మీద వచ్చిన రెండు ఉత్తరాలు తీసుకున్న. మొదటిది ఆరు పేజీలుండె, జర కుదించిన, గుర్తుపట్టే ముచ్చట్లు తీసేసిన. రెండోది చిన్నది, గాని అవతలి దిక్కుకెల్లి, అంటే ఒక నాయిన దిక్కుకెల్లి వచ్చింది, అందుకనే పక్కపక్కన పెట్టిన.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హన్మకొండ. ప్రైవేట్ స్కూల్ల టీచర్‌గ చేస్తున్న. ఇద్దరం ఒప్పుకొనే హిందూ వివాహ చట్టం 13బి కింద విడాకులు తీసుకున్నం, రెండేండ్లయితుంది. పాపకు ఏడేండ్లు, రెండో తరగతి, నా తాననే ఉంటది, మా అమ్మ గూడ మాతోనే ఉంటది. ఆయన గోదావరిఖనిల బొగ్గు బాయి మీద పని చేస్తడు. కోర్టు కాయిదంల ఏమున్నదంటే పాప తల్లి దగ్గర ఉండాలె, తండ్రి నెలల రెండో ఐతారం నాలుగో ఐతారం చూసుకోవచ్చు, పండుగలకు తోల్కపోవచ్చు, నెలకు 6 వేలు ఇయ్యాలె, అంతే. అప్పుడు ఎట్లన్న చేసి జల్ది అయిపోతే సాలు అన్నట్టుండె, సరిగ్గ సదవకుంటనే సంతకం పెట్టిన.

ఇప్పుడేమయితుందంటే ఆయన తొమ్మిదింటికి వస్త అంటడు, పాప తలస్నానం చేసి చెప్పులేసుకొని గేటు కాడ కూసుంటది, పన్నెండయినా రాడు, ఫోన్ ఎత్తడు, రెండింటికి వచ్చి హారన్ కొడ్తడు. ఒక్కోసారి అసల్కే రాడు. కాజీపేటల వాళ్లక్క ఇంటికి తీసుకపోతడు, ఎనిమిదింటికి దించుత అని పదిన్నరకు దించుతడు, పాప బండి మీదనే నిద్రపోతది. నాతోని మాట్లాడడు, చెప్పేదంత పాపతోని చెప్పిస్తడు. మొన్నొచ్చి "మమ్మీ, ఈ నెల గూడ పైసలు రావంట, నువ్వే లొల్లి పెట్టుకుంటున్నవంట" అన్నది. నాలుగు నెలల సంది ఇస్తలేడు. రాత్రి పదింటికి వీడియో కాల్ చేసి ఇంట్ల ఎవరున్నరు, ఫోన్ అటు తిప్పు ఇటు తిప్పు అంటడు. సద్దుల బతుకమ్మకు రెండు రోజులని తోల్కపోయి ఆరు రోజులకు తెచ్చిండు, బడి తెరిసినంక ఒక రోజు పోయింది. అప్పటి సంది నేను పంపుతలేను, రెండు ఐతారాలు పోయినయ్. ఇగ వాట్సాప్ల వాయిస్ మెసేజ్‌లు, కోర్టుకు గుంజుత, నీ నౌకరి ఊడగొడ్త అని. శనివారం రాత్రయితే పాప కడుపు నొస్తుందంటది. మా అమ్మేమో నంబర్ మార్చెయ్యి, ఇల్లు మార్చెయ్యి, పైసలియ్యనోనికి పిల్లనెందుకు చూపియ్యాలె అంటది. నేను చేసింది తప్పా అక్కా?
— ఒక తల్లి, హన్మకొండ

జవాబు: చెల్లే, నీ ఉత్తరం రెండుసార్లు సదివిన. మొదటిసారి ఆయన మీద కోపమొచ్చింది, రెండోసారి ఆ కోర్టు కాయిదం మీద వచ్చింది. రెండో ఐతారం నాలుగో ఐతారం అని రాసిండ్రు, ఎన్నింటికి అని రాయలే, యాడ అప్పజెప్పాలె అని రాయలే, ఆయన రాకపోతే ఎంతసేపు చూడాలె అని రాయలే, పండుగ అంటే ఎన్ని రోజులో రాయలే. మీ లొల్లి మొత్తం ఆ రాయని టైంలనే ఉన్నది. ఆయనకు తొమ్మిదన్నా ఐతారమే, రెండన్నా ఐతారమే, రాత్రి పదిన్నర గూడ ఐతారమే కదా. ఒప్పుకొని తీసుకున్న విడాకులల్ల నేను ఎక్కువ చూసింది ఇదే, పెండ్లి నగలు, బీరువా, ఫ్రిజ్ లిస్టు మాత్రం గ్రాములతోని సహా రాసుకుంటరు, పిల్ల ముచ్చట ఒక్క లైన్ల ముగిస్తరు.

నువ్వడిగిన దానికి ముందు జవాబు చెప్త. పంపుడు బంద్ చేసుడు తప్పే, మొకమాటం లేకుంట చెప్తున్న. నీ కోపం తప్పని కాదు. ఆ కాయిదం ఎంత సగం సగం ఉన్నా అది కోర్టు ఆర్డరే, నువ్వాపితే ఆయన అదే కోర్టుల ఆర్డర్ అమలు చేయించుమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ ఏస్తడు, అప్పుడు ఆయన నాలుగు నెలల బాకీ, పదిన్నర రాత్రులు, సద్దుల నాటి ఆరు రోజులు అన్నీ ఎనకకు పోతయ్, "తల్లి బిడ్డను చూపిస్తలేదు" అనేది ముంగటికొస్తది. ఇంతవరకు నువ్వు తప్పు చెయ్యలే, ఆయన చేసిండు, ఈ రెండు ఐతారాలతోని నువ్వే లెక్క సమానం చేసినవ్. అందుకే వచ్చే రెండో ఐతారం పాపను పంపు. పంపుతున్న అని ముందే మెసేజ్ పెట్టు, అదెట్ల రాయాలెనో కింద చెప్త.

పైసలియ్యనోనికి పిల్లనెందుకు చూపియ్యాలె అని అమ్మ అన్న మాట ప్రతి ఇంట్ల వినవడ్తది, విననీకి న్యాయంగనే ఉంటది. గాని కోర్టు ఈ రెండిటిని రెండు ఖాతాల రాస్తది. పైసలు ఆపిండని బిడ్డను చూసే హక్కు పోదు, బిడ్డను చూపిస్తలేదని పైసలు ఎగ్గొట్టనీకి ఆయనకు గూడ వీలు లేదు. 6 వేలకు నీ తొవ్వ వేరే ఉన్నది. ఆ 6 వేలు విడాకుల డిక్రీలనే రాసి ఉంటే దాని మీదనే ఎగ్జిక్యూషన్ ఏసి జీతంల కోత పెట్టియ్యమని అడగొచ్చు, ఆయనది నెల జీతం నౌకరి గనుక ఇది పనిచేస్తది, కూలి పనోళ్ల దగ్గర ఇట్ల అలకగ కాదు. అట్ల కాకుంట మెయింటెనెన్స్ (పోషణ ఖర్చు) కేసుల, అంటే పాత సీఆర్‌పీసీ 125 సెక్షన్ కింద, వచ్చిన ఆర్డరయితే, 2024 జూలై సంది దాన్ని కొత్త బీఎన్ఎస్ఎస్ చట్టంల 144 సెక్షన్ అంటున్నరు, బాకీ పడిన నాటికెల్లి ఏడాది లోపల దరఖాస్తు పెట్టాలె, కట్టకపోతే జైలు దాక పోతది. ఏడాది అంటే ఎంతో ఉన్నది కదా అనుకోకు, నాలుగు నెలలు ఇప్పటికే పోయినయ్.

ఇగ అసలు పని, ఆ కాయిదం మార్పిచ్చుకునుడు. ఒకసారి సంతకం పెడితే పిల్ల పెద్దగయ్యేదాక అంతే అనుకుంటరు చానామంది, అట్ల కాదు. హిందూ వివాహ చట్టం 1955ల 26వ సెక్షన్ అని ఒకటున్నది, విడాకులయినంక గూడ పిల్లల గురించి ఇచ్చిన ఆర్డర్‌ను మార్చుమని అడగొచ్చు అంటది అది. 1973లనే సుప్రీంకోర్టు రోజీ జాకబ్ కేసుల చెప్పింది, పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కాదు, పిల్లల విషయంల ఇచ్చిన ఆర్డర్ కాలాన్ని బట్టి మార్చొచ్చు అని. వకీలు ఫీజుకు భయపడకు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడోళ్లకు జీతం ఎంతుందని సూడకుంటనే ఉచితంగ వకీలును ఇస్తరు, హన్మకొండ అదాలత్ సెంటర్ కాడ కోర్టు ఆవరణలనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థల అడుగు, లేదా 15100కు ఫోన్ కొట్టు. టీచర్ నౌకరి ఉన్నది కదా నాకియ్యరేమో అని సగం మంది ఆ మెట్లే ఎక్కరు, పోయి అడుగు. ఇంకో సంగతి, ఫ్యామిలీ కోర్టుల వకీలు ఉండాల్సిందే అని లేదు, మన మాట మనమే చెప్పుకోవచ్చు, అసలు వకీలును పెట్టుకోనీకే అక్కడ జడ్జి ఒప్పుకోవాలె.

పిటిషన్ల ఏమడగాలె అంటే గడియారం తోని సహా అడుగు. పొద్దుగాల 10 గంటలకు అప్పజెప్పుడు, సాయంత్రం 6 గంటలకు మల్ల తీసుకునుడు. అర్ధగంట చూస్తం, 10:30 దాటినా రాకపోతే ఆ రోజు ముచ్చట అయిపోయినట్టే, దాని బదులు ఇంకో రోజు లేదు. వస్తున్నడో లేదో శనివారం రాత్రి 8 లోపల మెసేజ్ పెట్టాలె. దసరా సెలవులల్ల ముందటి సగం ఒకరికి ఎనకటి సగం ఒకరికి, మరుసటి ఏడు ఉల్టా, ఎందుకంటే సద్దుల బతుకమ్మ ఎప్పుడూ ఒకరి ఇంట్లనే అయితే ఇంకొకరి కడుపు మండుతది. సంక్రాంతి, ఎండకాలం సెలవులు గూడ అట్లనే. మేడారం జాతర రెండేండ్లకోసారే వస్తది గనుక దాన్ని మరిచిపోతరు, జాతర వారం ముంగట యాదికొచ్చి కొట్లాడుకుంటరు, వాళ్ల ఇంటి మొక్కు ఉన్నదా మీ ఇంటి మొక్కు ఉన్నదా ఇప్పుడే తేల్చి రాపిచ్చుకో. బడి తెరిసే ముందటి రోజు సాయంత్రానికి పాప ఇంట్ల ఉండాలె అని ఒక లైన్ తప్పకుంట పెట్టియ్యి. ఇవన్నీ నిన్ను గూడ కట్టేస్తయ్, అది మనసుల పెట్టుకో, నువ్వు 10:40కి పోతే ఆయన వీడియో తీసి పెట్టుకుంటడు.

ఇక్కడ ఆయన దిక్కు జర మాట్లాడుత, కోపం చెయ్యకు. బాయి మీద పని చేసెటోనికి శనివారం నైట్ షిఫ్ట్ పడితే పొద్దుగాల డ్యూటీ దిగి, తానం చేసి, బస్సెక్కి కరీంనగర్ మీదికెల్లి హన్మకొండ వచ్చేవరకు పన్నెండు ఒంటిగంట గానే అయితది. తొమ్మిదింటికి వస్త అని ఎందుకన్నడంటే వస్త అనుకోనే అన్నడు. ఫోన్ ఎత్తకపోవుడు తప్పు, మాట తప్పుడు తప్పు, గాని ప్రతి లేటు నిన్ను సతాయించనీకే అనుకుంటే నీ నెత్తి పాడయితది. షిఫ్ట్ లిస్టు పంపమని అడుగు, నైట్ పడిన వారం కాకుంట వేరే వారం పెట్టుకుందం అను. ప్లేడే, అంటే సెలవు రోజు, డ్యూటీకి పోతే పైసలు ఎక్కువొస్తయ్ గనుక ఆయన కొన్ని ఐతారాలు బాయికే పోతుండొచ్చు, ఆ ముచ్చట నీకు చెప్పుకోనీకి నామోషీ అయితుండొచ్చు. కుదిరితే నెలకోసారి నువ్వే కరీంనగర్ బస్టాండ్ దాక తీసుకపో, ఎక్స్‌ప్రెస్‌ల ఆడోళ్లకు ఉచిత బస్సు, మహాలక్ష్మి ఉన్నది, ఆధార్ చూపిస్తే నీకూ పాపకూ జీరో టికెట్ ఇస్తరు. నేనెందుకు పోవాలె అనుకుంటవు, నిజమే, పోవాలని చట్టం లేదు. గాని నడిమిట్ల ఊరికి నువ్వు వస్త అన్నవని మెసేజ్ల ఉంటే జడ్జి ముంగట దానికి విలువ ఉంటది.

అప్పజెప్పే జాగ మాత్రం మీ గేటు కాడ వద్దు. మీ గేటు కాడ అమ్మ ఉంటది, ఎదురింటోళ్లు ఉంటరు, ఆయనకు హారన్ కొట్టే పంతం ఉంటది. హన్మకొండ బస్టాండ్ల ఎంక్వయిరీ కిటికీ ముంగట పెట్టుకో, నలుగురుంటరు, నీడ ఉంటది, వాన పడినా తడవరు, ఇద్దరూ గొంతు పెంచరు. కొంతమందికి కోర్టు ఆవరణలనే పెడ్తరు, అది తాగొచ్చెటోళ్లకు, కొట్టెటోళ్లకు పెట్టాలె, ఏడేండ్ల పిల్ల పదిహేను రోజులకోసారి పోలీసులను నల్లకోట్లను చూసుకుంట నాయిన దగ్గరికి పోవుడు నాకయితే నచ్చదు.

నేను కౌన్సిలింగ్ బల్ల కాడ కూసున్న రోజులల్ల ఒకసారి చూసింది చెప్త. బస్టాండ్లనే. నాయిన బిడ్డకు జడ ఎయ్యరాక ఎంటికలన్నీ ఒక్కకాడికి పట్టి ఎర్ర రబ్బర్ బ్యాండ్ ఏసి తీసుకొచ్చిండు. తల్లి ఏం మాట్లాడలే, ఒక్క తిట్టు తిట్టలే, అక్కడ్నే బెంచీ మీద కూసోబెట్టి ఆయన చూస్తుండంగనే ఆ రబ్బర్ బ్యాండ్ గుంజి పారేసి రెండు జడలు ఏసింది. పిల్ల మెడ వంచుకొని నేల మీది ఆ రబ్బర్ బ్యాండ్‌నే చూస్తుండె. తర్వాతి నెల నుంచి ఆ పిల్ల బస్సు దిగకముందే తనే ఎంటికలు ఇడిసేసుకొని వస్తుండె. నీ ఉత్తరంల ఆయన తప్పులు పద్నాలుగున్నయ్, లెక్కపెట్టిన, నీది ఒక్కటే ఉన్నది. పాప వాపస్ వచ్చినంక ఇంట్ల మొదటి పది నిమిషాలు ఏం జరుగుతదో నువ్వు రాయలే. ఏం తిన్నవ్, మీ అత్త ఏమన్నది, డాడీ ఫోన్ల ఎవరితోని మాట్లాడిండు అని అమ్మ గాని నువ్వు గాని అడుగుతున్నరా? ఆయన ఫోన్ అటు తిప్పు ఇటు తిప్పు అనుడుకు, దీనికి పెద్ద తేడా లేదు. పాపతోని ఆయన మాట పంపినప్పుడు "అది పెద్దోళ్ల ముచ్చట బిడ్డా, నేను డాడీకి మెసేజ్ పెడ్త, నువ్వు పో ఆడుకో" అని ఆడికే ఆపు, తిరుగు జవాబు ఆ పిల్లతోని పంపకు.

కడుపు నొప్పి సంగతి మొదలు పిల్లల డాక్టర్‌కు చూపియ్యి. ఏం లేదంటే, అది బుగులుతోని వచ్చే నొప్పి కావొచ్చు, అబద్ధం మాత్రం కాదు, నిజంగనే నొస్తది. ఆ బుగులు నాయిన మీదనే అని జల్ది తీర్మానం చెయ్యకు, గేటు కాడ చెప్పులేసుకొని కూసునే మూడు గంటల మీద గూడ కావొచ్చు. అందుకే శనివారం రాత్రి ఆయన మెసేజ్ వచ్చేదాక పాపకు రేపు డాడీ వస్తడని చెప్పకు. బస్టాండ్ల దిగిన అని ఫోన్ వచ్చినంకనే చెప్పులు ఎయ్యి.

మెసేజ్‌లు ఎట్ల రాయాలె అంటే, జడ్జి సదువుతున్నట్టు అనుకొని రాయి. మీరు అని రాయి, ఆయన మీద గౌరవంతోని కాదు, ఆ కాయిదం మీద గౌరవంతోని. "రేపు రెండో ఐతారం. పొద్దున 10కి హన్మకొండ బస్టాండ్ ఎంక్వయిరీ కాడ పాపను అప్పజెప్త, సాయంత్రం 6కి అక్కడ్నే తీసుకుంట. దగ్గు మందు బ్యాగుల ఉన్నది, మధ్యాహ్నం ఒక చెంచా. వస్తున్నరా?" ఇంతే. ఆయన నా బిడ్డను నాకు కాకుంట చేస్తున్నవు, నీ సంగతి చూస్త అని ఇరవై లైన్లు రాస్తడు, నువ్వు దాంట్ల ఒక్క లైన్‌కే జవాబియ్యి, వస్తున్నరా లేదా అనే దానికి. మిగిలిన పంతొమ్మిది అట్లనే ఉండని, చెరపకు. వాయిస్ మెసేజ్‌లు గూడ డిలీట్ చెయ్యకు, ఫోన్ మార్చినా పాత ఫోన్ దాసిపెట్టు, కోర్టుల పెట్టాలంటే స్క్రీన్‌షాట్ తోని పాటు ఇవి ఈ ఫోన్లయే అనే సర్టిఫికెట్ అడుగుతరు, ఇంతకుముందు 65బి అంటుండె ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టంల 63 అయింది, నీ వకీలుకు తెలుసు. నంబర్ మార్చుడు, ఇల్లు మార్చుడు అనేది అమ్మ ప్రేమతోనే చెప్పింది, గాని చెప్పకుంట మార్చితే పిల్లను దాసిపెట్టినట్టు అయితది.

రాత్రి పదింటి వీడియో కాల్‌కు గూడ టైం పెట్టియ్యి. 2020ల సుప్రీంకోర్టు యశితా సాహు కేసుల బిడ్డ దగ్గర లేని తల్లికి గాని తండ్రికి గాని రోజూ ఐదు పది నిమిషాలు మాట్లాడే హక్కుండాలె అన్నది, అంటే ఆయన అడిగితే అది వస్తది, నువ్వు కాదనలేవు. అందుకే నువ్వే ముందు ఇయ్యి, హోంవర్క్ అయినంక 7 నుంచి 7:10 అని, పాప తన పుస్తకాల బల్ల కాడ కూసోని మాట్లాడుతది, ఫోన్ స్టాండ్‌కు పెట్టి ఉంటది, ఇల్లంత తిప్పుడు ఉండది.

ఇదంత ఆయన మొండోడు అనుకొని చెప్పిన. తాగి బండి నడిపితే, పాపను కొడితే, నిన్ను కొట్టే దాక వస్తే ఈ జవాబు పక్కకు పెట్టు. అప్పుడు పంపకు, అదే రోజు 1098కో 181కో ఫోన్ చెయ్యి, సఖి కేంద్రంకు పో, పిటిషన్‌ల ఆ సంగతి రాయి. 2005 గృహహింస చట్టంల 21వ సెక్షన్ కింద, కలిస్తే బిడ్డకు హాని అనిపిస్తే మేజిస్ట్రేట్ ఆ కలుసుడే ఆపొచ్చు. నౌకరి ఊడగొడ్త అనేది మీ స్కూల్ దాక వస్తే పోలీస్ స్టేషన్ల రాతపూర్వకంగ ఇయ్యి, రసీదు తీసుకో.

ప్రశ్న: అక్కా, మాది జగిత్యాల. మా ఆవిడ ఎనిమిది నెలల సంది నిజామాబాద్‌ల పుట్టింట్ల ఉంటుంది, విడాకుల కేసు ఇంకా ఏయలే. బాబుకు నాలుగేండ్లు. ఐదేండ్ల లోపు పిల్లలు తల్లి దగ్గరనే ఉండాలె నువ్వేం చెయ్యలేవు అని వాళ్ల పెద్దమనుషులు అంటున్నరు. ఒకసారి పోతే తలుపు తియ్యలే. స్కూల్ కాడికి పోయి తీసుకొచ్చుకుందం అనుకుంటున్న, నా కొడుకే కదా.
— ఒక నాయిన

జవాబు: తమ్మీ, స్కూల్ కాడికి మాత్రం పోకు. నీ కొడుకే, అందుకే చెప్తున్న, ఆ ఒక్క పని చేస్తే మిగిలిన ఏండ్లన్నీ నువ్వు కిడ్నాప్ చేసిన నాయినవు అయితవు, ప్రతి కాయిదంల ఆ రోజే రాస్తరు.

పెద్దమనుషులు సగం చెప్పిండ్రు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంల ఆరో సెక్షన్ ఐదేండ్ల లోపు బిడ్డ మామూలుగ తల్లి దగ్గర ఉండాలె అంటది, ఉండుడు గురించి అంటది, చూసుడు గురించి కాదు. తండ్రి చూడొద్దని యాడా లేదు. చూసే హక్కు కోసం నువ్వు 1890 నాటి గార్డియన్స్ చట్టం కింద పిటిషన్ ఏయొచ్చు, గాని జగిత్యాలల కాదు, బిడ్డ ఉండే ఊరి కోర్టుల ఏయాలె, అంటే నిజామాబాద్‌ల. తేదీలకు తిరుగుడు నీకే పడ్తది, ముందే లెక్కేసుకో. కేసుకు ముందే అక్కడి న్యాయ సేవాధికార సంస్థల ఒక దరఖాస్తు ఇస్తే ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తరు, లోక్ అదాలత్‌ల కుదిరితే అది కోర్టు డిక్రీ లెక్కనే, ఫీజు ఉండది. మొదలు అదే చెయ్యి, తలుపు తియ్యనోళ్లు ఆ నోటీసుకు వస్తరు. కుదిరిన నాడు మీది గూడ గంటలతోని రాపిచ్చుకో, పైన రాసిన చెల్లె లెక్క సగం కాయిదం తెచ్చుకోకు.

ఈ లోపల ఆమెకు మెసేజ్ పెట్టు, బాబును పంపు అని కాదు, బాబు చెప్పుల సైజెంత అని అడుగు. నాలుగేండ్ల పిల్లగాని కాలు జల్ది పెరుగుతది, ఎనిమిది నెలల కిందటి సైజు పట్టుకొని పోతే పట్టయి.